మలి అడుగులు

పాఠ్యభాగ ఉద్దేశం

మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగిన తరువాత రోగి తిరిగి నడవడంలో ఫిజియోథెరపీ నిర్వహించే పాత్రను వివరించడం, కోలుకునే కాలంలో రోగికీ కుటుంబానికీ గల బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ప్రవేశిక

వైద్యం అనగానే మందు, శస్త్రం గుర్తుకు వస్తాయి. ఈ రెండింటితోను పూర్తికాని చికిత్సలు కొన్ని ఉన్నాయి. వాటిలో రోగి కేవలం చికిత్స పొందేవాడు కాదు, చికిత్స చేసుకునేవాడు కూడా. మోకాలి కీలు మార్పిడి అలాంటిది. వైద్యుని పని ముగిసినచోట రోగి పని ఎలా మొదలవుతుందో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

మనిషి నడక నేర్చుకోవడం జీవితంలో ఒక్కసారే జరుగుతుందని లోకం అనుకుంటుంది. పసితనంలో తల్లి వేలు పట్టుకొని వేసిన తప్పటడుగులు ఎవరికీ గుర్తుండవు. కాని మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారు వార్ధక్యంలో రెండోసారి నడక నేర్చుకుంటారు. పసివానికి పడతానన్న భయం లేదు, నొప్పి జ్ఞాపకం లేదు. పెద్దవారికి ఆ రెండూ ఉంటాయి. అందుకే తొలి అడుగుల కంటే మలి అడుగులు కష్టమైనవి.

వ్యాకరణంలో రెండు వర్ణాల కలయికను సంధి అంటారు. వైద్యశాస్త్రంలో రెండు ఎముకలు కలిసే చోటును సంధి అంటారు. ప్రాచీన భారతీయ శస్త్రవైద్య గ్రంథమైన సుశ్రుతసంహిత శరీరంలోని సంధులను ఎనిమిది విధాలుగా విభజించి, మోకాలిని కోరసంధులలో చేర్చింది. నూట ఏడు మర్మస్థానాలలో జానువును ఒకటిగా పేర్కొని, అక్కడ దెబ్బ తగిలితే అవిటితనం కలుగుతుందని హెచ్చరించింది. మోకాలు చెడితే ప్రాణం పోదు, నడక పోతుందని ఆనాటి వైద్యులు గ్రహించారు.

తొడ ఎముక, కాలి ఎముక, మోకాలిచిప్ప కలిసే ఈ కీలులో ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. ఆ పొరల మధ్య జిగటగా ఉండే ద్రవం కందెనలా పనిచేస్తుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అందువల్ల చర్మానికి తగిలిన గాయం మానినట్లుగా మృదులాస్థి అరుగుదల మానదు. వయస్సు, అధిక బరువు, పాత గాయాలు, వంశపారంపర్యం మొదలైన కారణాల వల్ల ఆ పొర క్రమంగా అరిగిపోతుంది. చివరికి ఎముక ఎముకతో రాసుకుంటుంది. కాళ్లు విల్లులా వంగి దొడ్డికాళ్లవుతాయి. నేల మీద కూర్చున్నవారు లేవలేరు, లేచినవారు మెట్లెక్కలేరు. బరువు తగ్గించుకోవడం, వ్యాయామం, మందులు ఉపశమనం కలిగించనప్పుడు మాత్రమే వైద్యులు కీలు మార్పిడిని సూచిస్తారు.

కృత్రిమ కీలును అమర్చాలనే ఆలోచన కొత్తది కాదు. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు ఏనుగు దంతంతో చేసిన మోకాలి కీలును రోగికి అమర్చాడు. క్షయవ్యాధి సోకిన కీళ్లలో అమర్చడం వల్ల చీము పట్టి ఆ ప్రయత్నాలు నిలవలేదు. ఇంగ్లండులో 1968లో ఫ్రాంక్ గన్‌స్టన్ లోహం, ప్లాస్టిక్ కలిపిన కీలును ఎముక సిమెంటుతో బిగించాడు. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ తన సహచరులతో కలిసి రూపొందించిన నమూనా నేటి కృత్రిమ కీళ్లన్నింటికీ మార్గదర్శకమైంది. ఆ సహచరులలో భారతసంతతికి చెందిన చిత్తరంజన్ రణావత్ ఒకరు. నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయికి ముంబయిలో 2000లో ఎడమ మోకాలికి, 2001లో కుడి మోకాలికి శస్త్రచికిత్స చేసినది ఆయనే. దేశమంతా వార్తాపత్రికలలో చదివిన ఆ సంఘటనతో ఈ చికిత్స పేరు సామాన్యులకు కూడా పరిచయమైంది.

మోకాలి మార్పిడి అంటే మోకాలిని మొత్తంగా తీసివేసి కొత్తది పెట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి వైద్యుడు అరిగిన ఎముక కొనలను కొద్ది మిల్లీమీటర్ల మందం మేరకు కోసి, వాటికి లోహపు తొడుగులు అమరుస్తాడు. వాటి నడుమ దృఢమైన ప్లాస్టిక్ పలక ఉంచుతాడు. చుట్టూ ఉన్న కండరాలు చాలావరకు రోగివే, చర్మం రోగిదే, నరాలు రోగివే. కీలు కొత్తదైనా దానిని కదిపే శక్తి పాతదే. ఈ చికిత్సలోని అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

తొడ ముందు భాగంలో నాలుగు కండరాలు కలిసి మోకాలిని నిటారుగా చాపుతాయి. ఏళ్ల తరబడి నొప్పి వల్ల సరిగా నడవని వ్యక్తిలో అవి ముందే సన్నగిల్లి ఉంటాయి. శస్త్రచికిత్స తరువాత కీలు వాచినప్పుడు, ఆ కండరాన్ని బిగించే సంకేతాన్ని నాడీమండలం తనంతట తానే తగ్గిస్తుంది. రోగి ఎంత ప్రయత్నించినా తొడ కండరం పలకదు. తొలి నెలలో దాని బలం శస్త్రచికిత్సకు ముందున్న దానిలో సగానికి పైగా తగ్గిపోవచ్చు. అదే కాలంలో కీలు చుట్టూ గాయం మానుతూ మచ్చకణజాలం ఏర్పడుతుంది. కాలు కదులుతూ ఉంటే ఆ కణజాలం సాగుతుంది. కదలకుండా ఉంటే అది గట్టిపడి కీలును పట్టేస్తుంది. కాబట్టి తొలి ఆరు నుండి పన్నెండు వారాలు అత్యంత విలువైనవి. ఆ గడువులో తగినంత వంగని మోకాలిని మళ్లీ మత్తు ఇచ్చి వైద్యుడు వంచవలసి రావచ్చు.

ఈ సమయంలో రోగికి తోడు నిలిచే శాస్త్రమే ఫిజియోథెరపీ. కదలికను ఔషధంగా ఉపయోగించే వైద్యవిధానమిది. 1894లో ఇంగ్లండులో నలుగురు నర్సులు స్థాపించిన సంఘంతో ఆ దేశంలో ఇది వృత్తిగా రూపుదిద్దుకుంది. యుద్ధాలలో గాయపడిన సైనికులు, పోలియో బారిన పడిన పిల్లలు దీని అవసరాన్ని ప్రపంచానికి చాటారు. 1951లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడిన సెప్టెంబరు 8వ తేదీని ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

పూర్వం శస్త్రచికిత్స జరిగినవారిని రోజుల తరబడి మంచానికే పరిమితం చేసేవారు. నేడు సాధారణంగా ఆనాడో మరునాడో రోగిని నిలబెట్టి నాలుగడుగులు వేయిస్తున్నారు. మంచం మీద పడుకొని ఉండగానే వ్యాయామం మొదలవుతుంది. మొట్టమొదట పాదాలను పైకి కిందికి ఆడించాలి. చూడటానికి ఇది అల్పమైన పని. కాని పిక్కలోని కండరం బిగిసి వదిలిన ప్రతిసారీ సిరలలోని రక్తం గుండె వైపు నెట్టబడుతుంది. కదలని కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తగ్గించడానికి ఇది తోడ్పడుతుంది. తరువాత మోకాలిని పరుపుకు అదిమి తొడ కండరాన్ని బిగించి అయిదు క్షణాలు ఉంచడం, మడమను పరుపు మీద జార్చుతూ మోకాలిని వంచడం, కాలిని నిటారుగా పైకెత్తడం వరుసగా నేర్పుతారు. ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో ఆ రోగి స్థితిని బట్టి ఫిజియోథెరపిస్టు నిర్ణయిస్తారు.

మోకాలు ఎంత వంగుతున్నదో కోణమానినితో కొలుస్తారు. ఆ అంకెల వెనుక నిత్యజీవితం ఉంది. చదునైన నేల మీద నడవడానికి మోకాలు సుమారు 65 డిగ్రీలు వంగాలి. మెట్లెక్కడానికి 85 డిగ్రీల వరకు, కుర్చీలో నుండి సుఖంగా లేవడానికి 95 డిగ్రీల వరకు అవసరం. అందుకే తొలి వారాలలో 90 డిగ్రీలను, తరువాత 110 నుండి 120 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకుంటారు. వంగడం ఎంత ముఖ్యమో పూర్తిగా చాపగలగడం అంత ముఖ్యం. మోకాలు నిటారుగా చాపలేనివాడు కుంటుతూ నడుస్తాడు, త్వరగా అలసిపోతాడు.

ఇక్కడే ప్రేమ పొరపాటు చేస్తుంది. తల్లి నొప్పితో మూలుగుతుంటే కూతురు మెత్తని దిండు తెచ్చి మోకాలి కింద పెడుతుంది. తల్లికి హాయిగా ఉంటుంది. కాని గంటల తరబడి కొద్దిగా వంగిన స్థితిలోనే ఉండిపోయిన కీలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. చుట్టిన తువ్వాలును పెట్టవలసినది మోకాలి కింద కాదు, మడమ కింద. అప్పుడు కాలు తన బరువుతో తానే నిటారవుతుంది. అది నొప్పి కలిగించినా మేలు చేస్తుంది. దిండు హాయి కలిగించినా కీడు చేస్తుంది.

“పడుకో అమ్మా, ఇవాళ్టికి చాలు” అనడం తెలుగింటి ఆప్యాయత. రోగికి విశ్రాంతి ఇవ్వడమే సేవ అని తరతరాలుగా వచ్చిన నమ్మకం. జ్వరానికి అది సరిపోతుంది, మార్చిన మోకాలికి సరిపోదు. “అమ్మా, ఇంకొక్కసారి వంచండి” అనే ఫిజియోథెరపిస్టు ఆ క్షణంలో కఠినంగా కనిపిస్తారు. అయితే ఆ కాఠిన్యానికి కూడా హద్దు ఉంది. వ్యాయామం వల్ల కలిగిన నొప్పి కొంతసేపటికి తగ్గాలి. మరునాటికి నొప్పి, వాపు బాగా పెరిగితే మోతాదు ఎక్కువైందని అర్థం. అందువల్ల వైద్యుడు ఇచ్చిన నొప్పి మాత్రను వ్యాయామానికి కొంత ముందుగా వేసుకోవడం, తరువాత బట్టలో చుట్టిన మంచుగడ్డను పదిహేను ఇరవై నిమిషాలు ఉంచడం, కాలిని ఎత్తులో పెట్టుకోవడం పద్ధతి. నొప్పిని ఓర్చుకోవడం వీరత్వం కాదు, నొప్పిని అదుపులో ఉంచి కదలడమే వివేకం.

రోగి కష్టాన్ని యంత్రంతో తప్పించే ప్రయత్నం కూడా జరిగింది. కెనడాకు చెందిన రాబర్ట్ సాల్టర్ కీళ్లను నిరంతరం కదిలిస్తూ ఉంటే మేలని 1970వ దశకంలో ప్రతిపాదించాడు. ఆ ఆలోచనతో కాలిని దానంతటదే వంచి చాపే యంత్రాలు వచ్చాయి. మోకాలి మార్పిడి రోగులకు వాటిని ఆసుపత్రులలో విరివిగా వాడారు. తరువాతి పరిశోధనలను క్రోడీకరించి చూడగా, మోకాలి మార్పిడి రోగులలో వాటి వల్ల చెప్పుకోదగిన అదనపు ప్రయోజనం కనబడలేదు. యంత్రం కదిపిన కాలు వేరు, మనిషి కదిపిన కాలు వేరు. కండరం తాను శ్రమించినప్పుడే బలపడుతుంది.

2017లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం మరొక మంచి మాట చెప్పింది. చిక్కులేవీ లేని రోగులలో ఆసుపత్రిలో ఉండి పునరావాస చికిత్స పొందినవారికి, పర్యవేక్షణతో ఇంటివద్ద వ్యాయామం చేసినవారికి ఆరు నెలల తరువాత నడకలో తేడా కనిపించలేదు. అంటే ఖరీదైన గది కంటే క్రమం తప్పని సాధన ముఖ్యం. ఇంటివద్ద చేయడమంటే తోచినట్లు చేయడం కాదు. నిపుణుడు నేర్పినది చేయడం, నిర్ణీత కాలంలో వెళ్లి చూపించుకోవడం. భారత ప్రభుత్వం 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది. కీలు చౌక అయినంత మాత్రాన నడక చౌకగా రాదు. దాని మూల్యాన్ని రోగి తన శ్రమతోనే చెల్లించాలి.

తొలి అడుగులు వాకరు సాయంతో పడతాయి. బలం వచ్చాక చేతికర్ర చాలు. ఆ కర్రను శస్త్రచికిత్స జరిగిన కాలి వైపు పట్టుకోవాలని చాలామంది పొరబడతారు. పట్టుకోవలసినది ఎదుటి చేతిలో. సహజమైన నడకలో కుడికాలు ముందుకు పడినప్పుడు ఎడమచేయి ముందుకు ఊగుతుంది. ఎదుటి చేతిలోని కర్ర ఆ లయను చెడగొట్టకుండా బరువును పంచుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు వేయాలి. శరీరాన్ని పైకి లేపడం, మెల్లగా కిందికి దింపడం రెండూ ప్రయాసతో కూడిన పనులే. ఆ రెండు భారాలనూ బలమైన కాలే మోయడానికి ఈ నియమం ఏర్పడింది.

తెలుగువారి జీవనం నేలతో ముడిపడినది. పంక్తిలో కూర్చొని భోజనం చేయడం, పూజలో పద్మాసనం వేయడం, కత్తిపీట ముందు కూర్చొని కూరలు తరగడం నిన్నమొన్నటి దాకా ప్రతి ఇంటా సాగిన పనులు. కీలు మార్పిడి తరువాత గొంతుకు కూర్చోవడం, నేల మీద మఠం వేసుకోవడం మానుకోవలసిందిగా వైద్యులు సాధారణంగా సూచిస్తారు. కొందరు వృద్ధులకు నొప్పి కంటే ఈ నిషేధమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. దేవుని ముందు కుర్చీలో కూర్చోవడం అపచారమేమో అని సంకోచిస్తారు. ఎత్తైన పీఠం మీద దీపం పెట్టి, వంటిల్లులో నిలబడి కూరలు తరిగే ఏర్పాటు చేసి, మరుగుదొడ్డిలో కూర్చోవడానికి వీలైన అమరిక కల్పిస్తే వారి గౌరవం నిలుస్తుంది. పరాధీనత తొలగించడమే ఈ చికిత్స పరమార్థం.

ఈ విషయంలో యువతీయువకులు చేయదగిన సాయం చాలా ఉంది. కాలికి తగిలే తివాచీలను, తీగలను తీసివేయడం, స్నానాల గదిలో తడి లేకుండా చూడటం, రాత్రివేళ నడవలో దీపం వెలిగించి ఉంచడం వారి చేతిలోని పనులే. వ్యాయామ సమయంలో పక్కన కూర్చొని “అమ్మమ్మా, ఇంకా మూడే” అని లెక్కపెట్టే మనవడు ఏ మందూ ఇవ్వలేని ధైర్యాన్ని ఇస్తాడు. అయితే పెద్దల కాళ్లు పట్టే అలవాటున్న ఇళ్లలో ఒక జాగ్రత్త అవసరం. పిక్క నొప్పిగా, వాపుగా ఉంటే మర్దన చేయరాదు. అక్కడ రక్తపు గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. వెంటనే వైద్యునికి చూపాలి. ఆయాసం, ఛాతీనొప్పి కలిగితే ఒక్క నిమిషం కూడా జాగు చేయరాదు. జ్వరం రావడం, గాయం ఎర్రబడి చీము కారడం కూడా ప్రమాద సూచనలే. గాయం మీద పసుపు ముద్ద, నూనె వంటివి పూయకూడదు.

కోలుకోవడం సరళరేఖలా సాగదు. ఒకనాడు పది అడుగులు ఎక్కువ నడిచినవారు మరునాడు లేవలేమని నిరాశపడతారు. పక్కింటివారు నెలకే నడిచారని విని తమను తాము నిందించుకుంటారు. చాలామంది ఆరు వారాల నుండి మూడు నెలలలోపు రోజువారీ పనులు చేసుకోగలుగుతారు. కండరబలం ఏడాది వరకు పెరుగుతూనే ఉంటుంది. సుమారు పది మందిలో ఒకరిద్దరికి ఆశించినంత ఫలితం దక్కకపోవడం కూడా ఉంది. ఈ సత్యాన్ని ముందే చెప్పడం వైద్యధర్మం. 2019లో ప్రచురితమైన ఒక విస్తృత సమీక్ష ప్రకారం పూర్తి మోకాలి మార్పిడులలో సుమారు 82 శాతం ఇరవై అయిదేళ్ల పాటు నిలుస్తాయి. కొన్ని వారాల కష్టానికి దక్కేది అంత దీర్ఘమైన ఫలం.

శస్త్రచికిత్స విజయాన్ని ఎక్స్‌రే చిత్రం కొంతవరకే చెబుతుంది. కూరగాయల అంగడికి ఎవరి తోడూ లేకుండా వెళ్లివచ్చిన తల్లి, బడి గేటు దాకా మనవరాలి చేయి పట్టుకొని నడిచిన తాత దానిని సంపూర్ణంగా చెబుతారు. వైద్యుడు కీలును ఇవ్వగలడు, ఫిజియోథెరపిస్టు దారి చూపగలడు, కుటుంబం తోడు నడవగలదు. అడుగు మాత్రం ఆ మనిషే వేయాలి.

కఠిన పదాలు – అర్థాలు

వార్ధక్యం : ముసలితనం
జానువు : మోకాలు
మృదులాస్థి : ఎముకల కొనలను కప్పి ఉండే మెత్తని, నున్నని కణజాలం
సిర : గుండె వైపు రక్తాన్ని తీసుకుపోయే నాళం
కోణమానిని : కోణాన్ని కొలిచే సాధనం
క్రోడీకరించు : ఒకచోట చేర్చు
పరాధీనత : ఇతరులపై ఆధారపడి ఉండటం
జాగు : ఆలస్యం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మోకాలి మార్పిడి తరువాత తొలి వారాలు ఎందుకు విలువైనవో వివరించండి.
2. “ఇక్కడే ప్రేమ పొరపాటు చేస్తుంది” అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కృత్రిమ మోకాలి కీలు పరిణామాన్ని తెలపండి.
2. చేతికర్రను ఏ చేతిలో పట్టుకోవాలి? ఎందుకు?
3. రోగి కోలుకోవడంలో యువతీయువకుల పాత్ర ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సుశ్రుతసంహిత మోకాలిని ఏ సంధులలో చేర్చింది?
2. చుట్టిన తువ్వాలును ఎక్కడ ఉంచాలి?
3. ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం ఏనాడు?

ఈ) సంధులు
మృదులాస్థి : మృదుల + అస్థి – సవర్ణదీర్ఘ సంధి
అత్యంత : అతి + అంత – యణాదేశ సంధి
వంటిల్లు : వంట + ఇల్లు – అత్వ సంధి
మొట్టమొదట : మొదట + మొదట – ద్విరుక్తటకార సంధి

ఉ) సమాసాలు
శస్త్రచికిత్స : శస్త్రంతో చికిత్స – తృతీయా తత్పురుష సమాసం
కృత్రిమ కీలు : కృత్రిమమైన కీలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు కండరాలు : నాలుగైన కండరాలు – ద్విగు సమాసం